మోనాచారి దాచిన పెచ్చు

నా ముక్కుపుడకలోని వజ్రానికి ఒక అంచున పెచ్చు లేచి ఉంది. ఆ సంగతి ఇరవై నాలుగేళ్లపాటు ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి నేను కాదు, మేడ్చల్ పాత బజారులో కుంపటి ముందు కూర్చునే మోనాచారి. ఆయన గురించి రాయమని మా కాబోయే కోడలు దీప అడిగింది కాబట్టి రాస్తున్నాను. నాకు రాయడం రాదు, తిట్టడం వచ్చు. రెండూ కలిసిపోతే నన్ను అనవద్దు.

మేము మేడ్చల్ వచ్చింది 1995లో. మా ఆయన వెంకటరామయ్యగారికి అక్కడ ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసే ఉద్యోగం దొరికింది. రామచంద్రపురంలో కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని, మేడ్చల్ బస్టాండులో దిగేసరికి ఏడుపొచ్చింది. ఎటు చూసినా బండలు, ఎర్రమట్టి, మధ్యమధ్య ద్రాక్షతోటలు. ఆ తోటలు మాత్రం బాగుండేవి. పందిళ్ల కింద నడుస్తుంటే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. శామీర్‌పేట వెళ్లే దారిలో తోటవాళ్ల ఆడవాళ్లు గంపలు దించుకుని కూర్చునేవారు, కిలో అడిగితే పైన రెండు గుత్తులు వేసి ఇచ్చేవారు. నేనెరిగిన తోటల్లో ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు. అన్నీ ఇళ్లయిపోయాయి. ఒక వెంచరుకు ద్రాక్షతోట పేరే పెట్టుకున్నారు. లోపల ఒక్క తీగ లేదు. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

వచ్చిన నెలలోనే నా మెట్టె విరిగింది. కంసాలి ఎక్కడుంటాడని ఇంటివాళ్ల యాదవ్వను అడిగితే, “అవుసులాయననా? గా సందుల పోతే ఊదుగొట్టం సప్పుడు ఇనొస్తది, పో” అంది. వెళ్లాను. ఆరడుగుల గది. నేల మీద బొంత, ముందు మట్టి కుంపటి, సుత్తితో కొట్టడానికి చిన్న దాగలి, గోడకు విశ్వకర్మ పటం. నలభై దాటిన మనిషి బక్కగా, చెవులకు పోగులతో కూర్చుని ఉన్నాడు. మెట్టె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “ఏందమ్మా, గిట్ల ఇరగ్గొట్టిన్రు? మీరు నడుస్తరా, ఉరుకుతరా?” అన్నాడు. ఊరు కాని ఊళ్లో నన్ను మొట్టమొదట ఎగతాళి చేసిన మనిషి ఆయన. నాకు కోపం రావాలి. అయినా ఎందుకో ఆ రోజు ఇంటికి నవ్వుకుంటూ వచ్చాను.

మోనాచారి తండ్రీ అదే గదిలో కూర్చునేవాడట, తాతా అదే గదిలో. చుట్టుపక్కల ఊళ్లలో పుస్తె మట్టెలన్నీ వాళ్ల చేతి మీదుగానే వెళ్లేవి. పుస్తె చేసే రోజు చూడాలి ఆయన్ని. తెల్లవారకముందే స్నానం చేసి, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చునేవాడు. పెళ్లివారు బియ్యం, బెల్లం, పసుపు కుంకుమలు తెచ్చి ఎదురుగా పెట్టాలి. బంగారం కరిగేదాకా వాళ్లెవరూ కదలకూడదు, ఒకళ్లనొకళ్లు తిట్టుకోకూడదు. ఊదుగొట్టం నోట్లో ఉన్నంతసేపు తానూ మాట్లాడడు కాబట్టి కనుబొమ్మలతోనే అందరినీ అదిలించేవాడు. వేరే ఊళ్లో చేసిన నగ ఏది చూపించినా, “ఎవడు జేసిండో గాని పైసలకు జేసిండు” అనేవాడు. ఇంతకంటే పెద్ద తిట్టు ఆయన దగ్గర లేదు. బాగుంది అన్న మాట మాత్రం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నగ బాగా కుదిరితే మాట్లాడకుండా గుడ్డలో చుట్టి ఇచ్చేసేవాడు.

అమావాస్య నాడు కుంపటి రాజేసేవాడు కాదు. వాళ్ల వృత్తివాళ్లందరికీ అదే సెలవు. పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, తెల్లగుడ్డ కప్పేసి గడప మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఆ రోజు దేవుడొచ్చి అడిగినా శ్రావణం, అదే ఆయన పట్టకారు, చేత్తో పట్టడని బజారులో అనుకునేవారు. దేవుడి సంగతి తెలీదు గానీ నేను అడిగి పట్టించాను. ఆ కథే ఇది.

నా ముక్కుపుడక మా నాయనమ్మది. ఒంటిరాయి, పెసరగింజంత ఉంటుంది. మా వైపు వజ్రాన్ని అన్ని రాళ్లలా చూడరు. అచ్చిరావాలి అంటారు. కొనేముందు మూడు రోజులు ఇంట్లో ఉంచుకుని, మంచీ చెడూ గమనించుకుని అప్పుడు కొంటారు. రాయికి మచ్చ ఉన్నా, పెచ్చు లేచినా ఇక దాన్ని ఇంట్లో ఉంచరు. అలాంటి రాయి ముత్తైదువ ఒంటి మీద ఉంటే ఇంటాయనకు ముప్పని మా నాయనమ్మ చెప్పేది. ఇదంతా మోనాచారికి నేనే గొప్పగా చెప్పాను. “మాకాడ గూడ గట్లనే అంటరమ్మా” అని తలూపాడు.

2000 సంవత్సరం పుష్య అమావాస్య. మర్నాడు సాయంత్రం మాకు గౌతమి రైలుకు టిక్కెట్లు, రామచంద్రపురంలో మా తమ్ముడి పెళ్లి. పొద్దున మొహం కడుక్కుంటుంటే వేలి కింద రాయి కదిలింది. హర్షను చంకనెత్తుకుని పరుగెత్తాను. మోనాచారి గడప మీద బీడీతో ఉన్నాడు.

“ఇయ్యాల ముట్టనమ్మా. అమాస.”

“ముట్టనంటే ఎలాగండీ? రేపు రైలు.”

“పాడ్యమి నాడు పయనమేంది?”

“రిజర్వేషన్ దొరికిన రోజే మాకు మంచిరోజు.”

“అయితే తీసి డబ్బల పెట్టుకోండ్రి. మీరు తిరిగి వచ్చినంక జేస్త.”

మంచి సలహా. విని ఉంటే ఈ కథ లేదు. నేను వింటేనా? “పెళ్లిలో బోసి ముక్కుతో తిరగమంటారా? ఆడపడుచుని! మా అమ్మ అడిగితే ఏం చెప్పను, మేడ్చల్ చారిగారికి అమావాస్య అడ్డొచ్చిందని చెప్పనా?” అన్నాను. ఆయన బీడీ పీల్చుకుంటూ కూర్చున్నాడు. నేను వెళ్లి ఎదురు అరుగు మీద కూలబడ్డాను. హర్ష ఏడుస్తుంటే ఏడవనిచ్చాను. అరగంట అలా కూర్చున్నాక ఆయన బీడీ పారేసి, లేచి లోపలికి వెళ్లి గుడ్డ తీశాడు. నేను గెలిచాననుకున్నాను.

రాయిని నాలుగు బంగారు ముళ్లు పట్టి ఉంచుతాయి. మూడు ముళ్లు సరిచేసి నాలుగోదాన్ని వంచుతుండగా పనిముట్టు జారి రాయి అంచుకు తగిలింది. చీమ తలంత పెచ్చు లేచింది. నేను అరుగు మీద వీపు తిప్పుకుని, అటుగా వచ్చిన యాదవ్వతో కబుర్లు చెబుతున్నాను. ఆయన ఒక్కడే లోపల ఆ రాయిని చూస్తూ ఎంతసేపు ఉండిపోయాడో నాకు తెలీదు. తర్వాత ఆ ముల్లునే కాస్త సాగదీసి, పెచ్చు లేచిన చోటును కప్పేసి, పుడక నా చేతిలో పెట్టాడు. కూలి ఎంతన్నాను. “ఏమొద్దు తల్లీ” అన్నాడు. అప్పటిదాకా నన్ను అమ్మా అనేవాడు, ఆ రోజు నుంచి తల్లీ అన్నాడు. చూశారా, గట్టిగా నిలబడితే మర్యాద దానంతటదే వస్తుందని ఆ రాత్రి మా ఆయనతో చెప్పుకుని మురిసిపోయాను.

నాలుగేళ్లకు మేము కౌకూర్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాం. అయినా ఏటా ఉగాదికి ముందు ఆటోలు మారి మేడ్చల్ వెళ్లి ముక్కుపుడక ఆయనకే చూపించేదాన్ని. కుంకుడు నురుగులో కడిగి, కంటికి అద్దం పెట్టుకుని, నాలుగో ముల్లును మాత్రం అరక్షణం ఎక్కువ చూసి తిరిగిచ్చేవాడు. కూలి తీసుకునేవాడు కాదు. “ఇంకెవలికి సూపియ్యకు తల్లీ. వేరేటోళ్ల సేతికి ఇయ్యకు” అనేవాడు. ఎంత అభిమానమో అనుకునేదాన్ని. అభిమానమూ ఉండే ఉంటుంది, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఈలోగా కొంపల్లి రోడ్డుకు రెండు వైపులా అద్దాల నగల దుకాణాలు లేచాయి. ఊళ్లవాళ్లు పుస్తె కూడా అక్కడే కొనుక్కోవడం మొదలుపెట్టారు. మోనాచారి కొడుకు ప్రవీణ్ అలాంటి దుకాణంలోనే టై కట్టుకుని కౌంటరు దగ్గర నిలబడతాడు. “నా కొడుకు బంగారం అమ్ముతడు, ముట్టడు” అని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఆయన గది మాత్రం అలాగే ఉంది. ఒక పక్క సెల్‌ఫోన్ రిపేరు, ఇంకో పక్క కర్రీ పాయింటు, మధ్యలో అదే బొంత, అదే కుంపటి. నేను వెళ్లినప్పుడల్లా పక్కనుంచి టీ తెప్పించేవాడు. మా ఆయన కూడా వస్తే ఇద్దరూ కూర్చుని పాత తోటల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకునేవారు, ఏ తోటలో ఏ రకం కాసేదో, ఏ తోట కుక్క ఎవరిని కరిచిందో. నేను జల్దీ రండి అని మోనాచారి భాషలోనే కసిరితే ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఆ గంటసేపు చాలా బాగుండేది.

మూడేళ్ల కిందట, మే నెలలో, మా ఆయన పోయారు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి సాయంత్రానికి లేరు. గుండెపోటు అన్నారు. మోనాచారి మేడ్చల్ నుంచి బస్సులో వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు పక్కన ఎండలో గొంతుక్కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మా చుట్టాలు ఎవరాయన అని అడిగారు, అంతలా ఏడ్చాడు. పదకొండో రోజు మళ్లీ వచ్చి, వెళ్లేముందు నా ముందు నిలబడి, తల ఎత్తకుండా, “గా ముక్కుపుల్ల ఇగ పెట్టుకోకు తల్లీ” అన్నాడు.

నాకు నిలువునా మండింది. ముక్కుపుడక తీయమని మా అత్తవారు అనలేదు, పురోహితుడు అనలేదు. ఈయనెవరు నాకు విధవ ధర్మాలు చెప్పడానికి? ఆ కోపంలోనే పుడక తీసి డబ్బాలో పడేశాను. రెండు ఉగాదులు మేడ్చల్ వైపు వెళ్లలేదు.

మళ్లీ వెళ్లింది దీప కోసం. దీపది శామీర్‌పేట. హర్ష, తనూ తుర్కపల్లి దగ్గర టీకాల కంపెనీలో ఒకే చోట పనిచేస్తారు. వాళ్ల నాన్న బక్కయ్య చెరువులో చేపలు పడతాడు. హర్ష ఈ సంగతి చెప్పినప్పుడు నేను రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు బక్కయ్య మా ఇంటికి బతికున్న కొర్రమట్టలు రెండు పంపాడు. గోదావరి మనిషిని, చేపను చూసి ఎంతసేపని అలుగుతాను? సంబంధం ఖాయం అయింది. ఫాల్గుణంలో నిశ్చితార్థం. హర్ష షోరూములో ఉంగరం కొంటానంటే వద్దన్నాను. మా నాయనమ్మ రాయి దీప వేలికి వెళ్లాలి. దాన్ని పొదగాలంటే మోనాచారే పొదగాలి. కోపం ఉన్నా పనిమంతుడు పనిమంతుడేగా.

మాఘంలో ఒక ఆదివారం నేనూ దీపా వెళ్లాం. ఆయన బాగా ముసలివాడైపోయాడు. అద్దాలు దళసరి అయ్యాయి. చెయ్యి కాస్త వణుకుతోంది, పనిముట్టు పట్టుకుంటే మాత్రం ఆగుతోంది. నన్ను చూడగానే లేవబోయాడు. డబ్బా తీసి ముందు పెట్టి, దీప నిశ్చితార్థానికి ఉంగరంలో పెట్టాలన్నాను. ఆయన డబ్బా వంక చూశాడు గానీ ముట్టుకోలేదు.

“కొత్త రాయి కొనుండ్రి తల్లీ. గిప్పుడు మస్తు రాళ్లు వచ్చినయి.”

“మా నాయనమ్మ రాయే పెట్టాలి” అన్నాను.

ఆయన రాయిని పుడక నుంచి విడదీయడం మొదలుపెట్టాడు. నేనూ దీపా పొదిగే తీరు గురించి వాదనలో పడ్డాం. నాకు ముళ్ల రకం కావాలి. నాలుగు ముళ్లు పైకి లేచి రాయిని పట్టుకోవాలి, నాలుగు వైపులా వెలుతురు దూరాలి, వచ్చినవాళ్లకి వజ్రమని దూరం నుంచే తెలియాలి. దీపకు గట్టు రకం కావాలి. చుట్టూ బంగారు గట్టు కట్టి రాయిని అందులోకి దించేస్తే పైన చదునుగా ఉంటుంది, దేనికీ పట్టుకోదు.

“అట్టేసినట్టుంటుందమ్మా. రాయి సగం కనపడదు” అన్నాను.

“ముళ్లున్నదైతే వలకు తట్టుకుంటది అత్తమ్మా. ఐతారం ఐతారం నేను బాపుతోని వల సర్దుత గదా. నైలాన్ దారం దాంట్ల ఇరికిందంటే వలన్న తెగాలె, ఏలన్న తెగాలె.”

“పెళ్లయ్యాక కూడా వలలు సర్దుతావా?”

“లగ్గమైతే మా బాపు చేపలు వట్టుడు బంద్ జేస్తడా ఏంది?”

నాకు జవాబు దొరక్కుండా చేసినవాళ్లు ఈ వైపు ఇద్దరే, ఒకరు నా ఎదురుగా కూర్చున్నారు, ఇంకొకరు కాబోయే కోడలు. “సరే, దాని ఇష్టం. గట్టు రకమే చేయండి చారిగారూ” అన్నాను.

ఆ క్షణంలో ఆయన తలూపితే చాలు. గట్టు కడితే రాయి అంచంతా బంగారంలోకి పోతుంది. పెచ్చు ఇంకెవరికీ, ఎప్పటికీ కనపడదు. ఇరవై నాలుగేళ్ల దొంగతనానికి నేనే నా నోటితో తలుపులు మూసి తాళం వేసిచ్చాను. ఆయన తలూపలేదు. విడదీసిన రాయిని తెల్లకాగితం మీద పెట్టి, అద్దం నా వైపు జరిపాడు.

“సూడు తల్లీ. గీ అంచు సూడు.”

చూశాను. మొదట అర్థం కాలేదు. తర్వాత కనపడింది.

“గా పెచ్చు నా సేతుల వడి లేసింది. నీ తమ్ముని లగ్గం ముంగట, అమాస నాడు. నీకు జెప్పలే. ముల్లు సాగదీసి కప్పిన. గిప్పుడు గట్టు కడితే మళ్ల కప్పొచ్చు. గీ బిడ్డ ఏలికి గూడ తెల్వకుంట తొడుగొచ్చు. నాతోని గాదు. నిన్ను మోసం జేసింది సాలు.”

పెచ్చు లేచిన రాయి. ఇరవై ఒక్క ఏళ్లు ముక్కున పెట్టుకు తిరిగాను. “మా ఆయన పోయింది ఇందుకేనా?” అన్నాను. నేను ఆ మాట అంటానని ఆయనకు ఎప్పుడో తెలుసన్నట్టు తల దించుకున్నాడు.

“నేను గూడ గదే అనుకుంటున్న తల్లీ. మూడేండ్ల సంది. అందుకే పెట్టుకోవద్దన్న.”

అప్పుడు నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన్ని మీరు అనడం మానేసి నువ్వు అన్నాను. నీ చేతులు పడిపోను అన్నాను. నా పసుపు కుంకుమ నువ్వే తుడిచావు అన్నాను. కర్రీ పాయింటు దగ్గర జనం తిరిగి చూశారు. దీప కాగితంతో సహా రాయిని మడిచి నా చేతిలో పెట్టి, నన్ను బయటికి నడిపించింది.

ఆటోలో నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. దీప చాలాసేపు విని, “హర్ష చెప్పిండు, అమాస నాడు జెయ్యనన్నడట గదా అత్తమ్మా? మీరే చేపిచ్చిన్రట?” అంది. దాని మీద కూడా కోపం వచ్చింది. బోల్లారంలో దిగేటప్పుడు, “నాకైతే గీ రాయే కావాలె. గంత పెచ్చుకు ఏమైతది?” అని అది శామీర్‌పేట బస్సెక్కి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని మోనాచారిని తిట్టుకున్నాను. మొదటి రోజు చెప్పలేనంత హాయిగా ఉంది. మా ఆయన పోయాక అంత హాయిగా నేను నిద్రపోలేదు. రెండో రోజు ఆ హాయి ఎందుకో తెలిసింది. మూడో రోజు అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే స్నానం చేసి, రాయి తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మేడ్చల్ వెళ్లాను.

కుంపటి చల్లగా ఉంది. ఆయన పనిముట్లకు గుడ్డ కప్పేసి కూర్చున్నాడు. అమావాస్యకు ఇంకా పది రోజులుంది. కాగితం ముందు పెట్టాను.

“గట్టు రకం చేయండి. దీపకు ఈ రాయే కావాలట.”

“నా సేతుతోని వద్దు తల్లీ. ప్రవీణ్‌కు చెప్త, షోరూంల మంచిగ చేపిస్తడు.”

“మీ చేత్తోనే కావాలి. ముందు నేను చెప్పేది వినండి.” అరుగు మీద కాదు, ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. “ఆ రోజు మధ్యాహ్నం ఆయన భోంచేసి లేచి, ఛాతీలో పట్టేసినట్టుంది అమ్మాజీ, అన్నారు. గ్యాస్ అన్నాను. వద్దంటే వినకుండా రెండోసారి పులుసు పోసుకున్నారుగా, అనుభవించండి అన్నాను. వాము నీళ్లు కాచిచ్చి పడుకోమన్నాను. ఆసుపత్రికి వెళ్దామా అని ఆయనే అడిగారు. ఎండ తగ్గనివ్వండి, చూద్దాం అన్నాను. పక్కగదిలో కూర్చుని ఆవకాయకు ముక్కలు కొట్టుకున్నాను, చారిగారూ. గంటన్నర. ముక్కలు గుడ్డతో తుడిచి ఆరబెట్టి, చేతులు కడుక్కుని వచ్చి లేపితే లేవలేదు.”

ఆయన కళ్లద్దాలు తీశాడు.

“రాయి మీ చేతిలో పెచ్చు లేచింది. అది కూడా నేను మొండికేసి కూర్చోబట్టి. మా ఆయన పోవడంలో మీ పాపం ఏమీ లేదు. ఆ రోజు మీ మీద అరిచినప్పుడు నా బరువంతా మీ మీద నెట్టేశాను. నాకు తెలిసే నెట్టాను. ఈ మాట మీకు చెప్పకపోతే నేను మనిషినే కాదు.”

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పక్కనున్న కర్రీ పాయింటువాడు ఏమనుకున్నాడో, అడక్కుండానే రెండు టీలు పంపాడు.

“పిల్లగానికి ఎరుకేనా గీ సంగతి?” అన్నాడు గ్లాసు కింద పెడుతూ.

“తెలీదు. ఎవరికీ తెలీదు.”

“చెప్పు తల్లీ. నేను ఇన్నేండ్లు మోసిన. నువ్వు ఉగాది ఉగాదికి వచ్చి నవ్వుకుంట కూసుంటే, నాకు పాణం పోయినట్టు ఉండేది. నువ్వు ఆ పిల్లగాని ముంగట గట్ల కూసోకు.”

తర్వాత ఆయన గుడ్డ తీసి, కుంపటిలో బొగ్గులు వేసి, దీప వేలి కొలత అడిగాడు. రాయిని వేళ్ల మధ్య తిప్పుతూ, “ఎట్ల జూసినా దీనికి గట్టే కట్టాలె. పెచ్చు లేసిన అంచుకు బంగారం ఆసర ఉండాలె, లేకుంటే ఇంక ఇరుగుతది. బిడ్డ మంచిగనే అడిగింది” అన్నాడు. ఎనిమిది రోజులకు ఉంగరం తయారైంది. నేనూ దీపా వెళ్లి తీసుకున్నాం. పెచ్చు ఏ వైపుందో దీపే ఆయన్ని అడిగి తెలుసుకుంది. బాగుందా అని నేనడిగితే ఆయన జవాబు చెప్పకుండా గుడ్డలో చుట్టి ఇచ్చేశాడు.

అయితే నేను టీ తాగి ఇంటికొచ్చిన ఆ సాయంత్రం సంగతి ఇంకా చెప్పలేదు. హర్ష ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. కాఫీ ఇచ్చాక చెబుదామనుకున్నాను, అలా అనుకుంటే ఎప్పటికీ చెప్పనని తెలిసి అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. వాము నీళ్లు, ఎండ, ఆవకాయ ముక్కలు, గంటన్నర, అన్నీ. వాడి చేతులు లేసుల మీదే ఆగిపోయాయి.

“నాకు ఫోన్ చేయాల్సింది కదమ్మా” అన్నాడు.

“అవును నాన్నా, చేయాల్సింది” అన్నాను.